నూటికి నూరు: వెబ్‌సైటుల వేగమాపకములపై ఒక విమర్శ

ఒక వెబ్‌సైటు ఎంత త్వరగా తెరచుకొనుచున్నదో కొలిచి చూపు పరికరములు నేడు ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి. వెబ్‌సైటు చిరునామాను ఒక పెట్టెలో వ్రాసి మీట నొక్కినచో కొద్దిసేపటిలో ఫలితము వచ్చును. తెరపై ఒక వలయము, ఆ వలయములో 0 నుండి 100 వరకు ఏదో ఒక అంకె. 49 వరకు ఎరుపు, 50 నుండి 89 వరకు నారింజ, 90 మొదలుకొని ఆకుపచ్చ. మార్కులనగానే చెవులు రిక్కించు దేశము మనది. అందుచేత ఈ వలయమునకు ఇక్కడ గొప్ప మర్యాద దొరికినది. వెబ్‌సైటు కట్టి ఇచ్చువారు తమ పనికి సాక్ష్యముగా దీనినే చూపుచున్నారు. కట్టించుకొను కళాశాలలవారు, వ్యాపారస్థులు, కార్యాలయములవారు దీనినే అడుగుచున్నారు. ఈ అంకె దేనిని కొలుచుచున్నదో, దేనిని విడిచిపెట్టుచున్నదో విచారించుట ఈ వ్యాసము పని. పరికరములు బాగున్నవి, వాని మాటను మనము వినుచున్న తీరు బాగులేదని నా అభిప్రాయము.

ముందు కొంచెము చరిత్ర. 2007లో యాహూ సంస్థ నుండి వై-స్లో అను చిన్న పరికరము వెలువడినది. దానిని తయారుచేసిన స్టీవ్ సౌడర్స్ అదే సంవత్సరము వెబ్‌సైటుల వేగమును గూర్చి 14 నియమములతో ఒక పుస్తకమును ప్రకటించినారు. పేజీలను పంపు దూరపు యంత్రమును సర్వరు అందురు. వేగమనగా సర్వరు వేగమే యని అందరును తలచుచున్న రోజులవి. చూచువారు నిరీక్షించు కాలములో నూటికి 80 నుండి 90 పాళ్లు మూలపాఠము చేతికి వచ్చిన తరువాత, బొమ్మలను, స్క్రిప్టులను తెచ్చుకొని తెరపై అమర్చుకొనుటలోనే ఖర్చగుచున్నదని సౌడర్స్ కొలిచి చూపినారు. 2008లో ఏ.ఓ.ఎల్. సంస్థలో పాట్రిక్ మీనన్ నిర్మించిన వెబ్‌పేజ్‌టెస్ట్ అందరికిని అందుబాటులోనికి వచ్చినది. 2009లో గూగుల్ సంస్థ పేజ్‌స్పీడును, 2016లో లైట్‌హౌస్‌ను తెచ్చినది. లైట్‌హౌస్ అనగా ఓడలకు దారి చూపు దీపస్తంభము. నేడు మనము చూచు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ 2018 నుండి లైట్‌హౌస్ చేతనే నడచుచున్నది. క్రోమ్ బ్రౌజరులోను అదియే కలదు. కాబట్టి ఇక్కడ చేయు విమర్శ ముఖ్యముగా లైట్‌హౌస్‌కు చెందినది.

పేజీ తెరచుకొనుట యనగా ఏమి జరుగును? భౌతికశాస్త్రమునుండి మొదలుపెట్టుదము. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. సర్వరు మనకు 13,000 కిలోమీటర్ల దూరములో, అనగా దాదాపు భూగోళమునకు అవతలి ప్రక్కన ఉన్నదనుకొనుడు. మన అడుగుట అక్కడికి చేరి జవాబు తిరిగి వచ్చుటకు 26,000 కిలోమీటర్లు. తంతువు సూటిగా ఉన్నను 0.13 సెకను పట్టును. ఒక్క రాకపోకతో పని తీరదు. సంబంధము కుదుర్చుకొనుటకు ఒకటి, రహస్యపు తాళములు మార్చుకొనుటకు ఒకటి, పేజీని అడుగుటకు ఒకటి. మొత్తము మూడు రాకపోకలు, 0.39 సెకను. క్విక్ అను కొత్త పద్ధతిలో మొదటి రెండును ఒకటిగా కలసినవి గాని ఇంకను అన్ని చోట్లను అది లేదు. ఇంతవరకు తెరపై ఒక్క అక్షరమైనను రాలేదని గమనింపవలెను. ప్రపంచములోని ఏ ఇంజనీరును ఈ కాలమును తగ్గింపజాలడు. సర్వరునే దగ్గరకు తేవలెను. పెద్ద సంస్థలు తమ పేజీల ప్రతులను ఊరూర ఉంచుకొనుట ఇందుకే.

మూలపాఠము వచ్చిన పిదప బ్రౌజరు దానిని చదివి, అందులో చెప్పిన బొమ్మలను, లిపులను, స్క్రిప్టులను ఒక్కొక్కటిగా అడుగును. స్క్రిప్టు వచ్చినచో దానిని నడపవలెను. నడపుచున్నంతసేపు బ్రౌజరు మరొక పని చేయలేదు. మనము వేలితో తాకినను పలుకదు. ఖరీదైన ఫోనులో ఇది లెక్కలోనికి రాదు. చవుక ఫోనులో అదే స్క్రిప్టునకు అనేక రెట్లు కాలము పట్టును. నెట్‌వర్కు ఒకటే అయినను ఇద్దరి చేతిలో ఒకే పేజీ రెండు వేగములతో తెరచుకొనుటకు ఇది ఒక ముఖ్య కారణము.

ఇక లైట్‌హౌస్ ఈ కథనంతయు ఒక్క అంకెగా ఎట్లు మార్చుచున్నదో చూతము. అది ఒక ఊహాఫోనును తీసికొనును. నిజముగా ఫోను ఉండదు. కంప్యూటరులోని బ్రౌజరే మధ్యరకము ఆండ్రాయిడ్ ఫోనువలె నటించును. నెట్‌వర్కు సెకనుకు 1.6 మెగాబిట్ల వేగము కలది, ఒక్కొక్క రాకపోకకు 150 మిల్లీసెకనులు పట్టునది. ప్రాసెసరు నాలుగు రెట్లు మందగించినది. ఇక్కడ చాలమందికి తెలియని సంగతి ఒకటి కలదు. సాధారణముగా ఈ పరీక్షలో నెట్‌వర్కును నిజముగా మందగింపజేయరు. పేజీని ఉన్న వేగముతోనే తెరచి, మందమైన నెట్‌వర్కులో అయితే ఇంత కాలము పట్టియుండెడిదని లెక్కకట్టి చెప్పుదురు. అనగా మన ఎదుట కనబడు సెకనులలో పెద్ద భాగము కొలత కాదు, గణితము. లెక్క తెలివిగలదే, కాని లెక్క లెక్కయే.

అట్లు వచ్చిన ఐదు విషయములకు మార్కులు వేయుదురు. 2023లో వచ్చిన 10వ కూర్పు నుండి పంపకము ఇట్లున్నది: తెరపై మొదటి గుర్తు కనబడిన సమయమునకు 10, తెర నిండు తీరునకు 10, తెరలోని అతిపెద్ద బొమ్మ లేక పాఠభాగము కనబడిన సమయమునకు 25, బ్రౌజరు చేతులు కట్టుబడియున్న కాలమునకు 30, కనబడిన వస్తువులు చోటు మారకుండుటకు 25. ఈ 25ల లెక్కలో మొదటిదానికి ఎల్.సి.పి. అనియు రెండవదానికి సి.ఎల్.ఎస్. అనియు పేర్లు. 2021 నాటి 8వ కూర్పులో చివరిదానికి 15 మార్కులే ఉండెను. మరొక విషయమునకు ఉన్న 10 మార్కులు తీసివేసి దీనికి కలిపినారు. ఒక్క అక్షరము మార్చని పేజీకి కూడ ఆనాటి మార్కు, ఈనాటి మార్కు వేరు కావచ్చును. నిరుడు 82, ఈ ఏడు 91 అని పట్టికలు వ్రాసికొనువారు ముందు కూర్పు సంఖ్య చూచుకొనవలెను.

మార్కు వేయు రేఖ సైతము సరళరేఖ కాదు. ఎల్.సి.పి. 2.5 సెకనులైనచో ఆ భాగమునకు నూటికి 90, 4 సెకనులైనచో 50. పైకి పోవుకొలది కష్టము హెచ్చును. 99 నుండి 100కు ఎక్కుటకు కావలసిన శ్రమ 90 నుండి 94కు ఎక్కుటకు కావలసిన శ్రమతో సమానమని లైట్‌హౌస్ వారే చెప్పుచున్నారు. ఇది తెలిసిన పిదపను 97ను 100 చేయుటకు వారములు వెచ్చించువారిని చూచినప్పుడు జాలి కలుగును. ఆ శ్రమలో పదవ వంతు లోపలి పేజీలపై పెట్టినచో ఎందరికో మేలు కలిగియుండును.

పరికరమునకు న్యాయము చేయవలెను. ఈ లెక్కలన్నియు బహిరంగముగా ఉన్నవి. మూలక్రమణిక ఎవరైనను చదువవచ్చును, మార్కుల రేఖలను పరిశీలింపవచ్చును. కొలతబద్దపై గీతలు ఎట్లు గీసినదియు చెప్పు వర్తకుడు అరుదు. పూర్వము పేజీ మొత్తము దిగుటకు పట్టిన కాలమొకటే కొలత. చూచువానికి కావలసిన వాక్యము ఎప్పుడు కనబడినది, తాకిన మీట ఎప్పుడు పలికినది అని అడుగుట అంతకంటె గొప్ప మెట్టు. చదువుచుండగా పైన ప్రకటన దిగి వాక్యము క్రిందికి జారిపోవుట అందరమును అనుభవించినదే. దానికొక కొలత ఏర్పరచినందుకు వీరికి కృతజ్ఞత చెప్పవలసినదే.

ఇప్పుడు లోపములు. మొదటిది చిన్నది. ఒకే పేజీని రెండుసార్లు పరీక్షించినచో రెండు అంకెలు వచ్చును. ప్రయోగశాలలో లోలకము కొట్టుకొను కాలమును ఒక్కసారి కొలిచి వ్రాసికొను విద్యార్థికి మనము మార్కు వేయము. ఇక్కడ మాత్రము ఒక్కసారి నొక్కి వచ్చిన దానిని ముద్ర వేసికొందురు. ఐదుసార్లు కొలిచి నడుమనున్న అంకెను తీసికొనవలెను. ఇంతకంటె దీనిని గూర్చి చెప్పవలసినది లేదు.

రెండవ లోపము పెద్దది. పరీక్షించు యంత్రము తెరను తాకదు. పేజీని తెరచి, చూచి, వెడలిపోవును. తాకినప్పుడు పేజీ ఎంతసేపటికి పలుకునో దానికి తెలియదు గనుక, బ్రౌజరు చేతులు కట్టుబడియున్న కాలమును బదులుగా తీసికొని 30 మార్కులు ఇచ్చుచున్నది. ఈ రహస్యమును పట్టుకొని ఒక ఉపాయము బయలుదేరినది. చూచువారు వేలు ఆనించువరకు, లేదా పేజీని జరుపువరకు, స్క్రిప్టులనన్నిటిని ఆపియుంచుట. తయారు పేజీలను కట్టుకొను వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థలలో ఈ పని చేయు ఉపకరణములు దొరకుచున్నవి. యంత్రము వేలు ఆనించదు, స్క్రిప్టులు లేవవు, మార్కు ఆకుపచ్చలోనికి ఎక్కును. అటుపిమ్మట ఒక మనిషి వచ్చి పట్టికను విప్పుటకు మీట తాకును. అప్పుడే స్క్రిప్టులన్నియు ఒక్కసారిగా లేచి పరుగెత్తును. చవుక ఫోనులో ఆ మొదటి తాకుడు వృథా కావచ్చును. అతడు పలుకలేదని మరల తాకును, మూడవసారి తాకును. పరీక్షలో లేని కష్టమును మనిషికి తెచ్చిపెట్టి పరీక్షలో ఉన్న కష్టమును తీసివేసినట్లయినది.

ఇంతకంటె మొరటు మోసము కూడ జరిగినది. ఒకప్పుడు లైట్‌హౌస్ పేజీని అడుగునప్పుడు తన పేరు చెప్పుకొనెడిది. ఆ పేరు విన్నంతనే తేలికపాటి పేజీని, మిగిలినవారికి బరువుపేజీని పంపుట కష్టము కాదు. 10వ కూర్పులో ఆ పేరును తీసివేసినారు. తనిఖీ అధికారి వచ్చు దినమున బడికి సున్నము కొట్టుట మనకు కొత్తది కాదు గదా. 1975లో ఆర్థికశాస్త్రజ్ఞుడు చార్లెస్ గుడ్‌హార్ట్ బ్రిటనులోని ద్రవ్యవిధానమును విమర్శించుచు, ఏ గణాంకముపై అధికారము చెలాయింపబూనుదుమో ఆ గణాంకము నమ్మదగినది కాకపోవునని గుర్తించినారు. బ్యాంకులకు చెప్పిన మాట వెబ్‌సైటులకును సరిగా అతికినది.

మూడవది మన రాష్ట్రములలో అందరికిని తెలిసినది. పరీక్ష ఒక్క పేజీకి, ఒక్క చూపరికి, సావకాశమైన వేళ జరుగును. పరీక్షా ఫలితములు వెలువడు ఉదయమున ఒకే గంటలో లక్షలమంది ఒకే పేజీని అడుగుదురు. అప్పుడు అడ్డంకి బ్రౌజరులో ఉండదు. సర్వరు గుమ్మమున ఉండును. సౌడర్స్ చెప్పిన 80 పాళ్ల లెక్క ఆ గంటలో తలక్రిందులగును. క్రితము రాత్రి 95 వచ్చిన వెబ్‌సైటు మరునాడు తెల్లని తెర చూపినచో లైట్‌హౌస్ అబద్ధమాడలేదు; దానిని ఆ ప్రశ్న అడుగలేదు. ఒక్కసారిగా వచ్చు జనసమ్మర్దమును కొలుచుటకు వేరు పరికరములు కలవు, వానిలో జేమీటరు వంటివి ఉచితమే. అయినను పనిని అప్పగించు కాగితములలో దీపస్తంభపు మార్కు అడిగినవారు ఈ కొలతను కూడ అడిగినచో బాగుండును.

ఇట్టి ఆక్షేపణలు వచ్చుననియే కాబోలు, పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ వారు పై భాగమున వేరొక లెక్క ఇచ్చుచున్నారు. అది ఊహాఫోనుది కాదు. క్రోమ్ బ్రౌజరు వాడు నిజమైన మనుషుల ఫోనులలో, కంప్యూటరులలో జరిగిన కొలతల నుండి, గడచిన 28 దినముల సంగ్రహము. ఎల్.సి.పి. 2.5 సెకనులలోపు, చోటు మార్పు 0.1 లోపు, తాకినప్పుడు పలుకు కాలము 200 మిల్లీసెకనులలోపు ఉన్నచో ఉత్తీర్ణత. మూడవదానిని ఐ.ఎన్.పి. అందురు. 2024 మార్చి వరకు దాని స్థానములో మొదటి తాకుడుకు పేజీ కదలిక మొదలుపెట్టుటకు పట్టిన ఆలస్యమును మాత్రమే కొలుచు పద్ధతి ఉండెను. అందులో దాదాపు అందరును ఉత్తీర్ణులగుచుండుటచేత దానిని తీసివేసి కఠినమైన దీనిని పెట్టినారు. ప్రశ్నపత్రము మరీ తేలికయైనదని తామే ఒప్పుకొని మార్చుట మెచ్చుకొనదగిన పని.

కాని ఈ నిజమైన లెక్కలోను ఎవరు లెక్కింపబడుచున్నారో అడుగవలెను. క్రోమ్ వాడువారు, అందులోను వాడుక వివరములు పంపుటకు సమ్మతించినవారు మాత్రమే. ఐఫోనులో వాడు క్రోమ్ కూడ ఇందులోనికి రాదు. కొన్ని యాప్‌ల లోపల తెరచుకొను పేజీలు రావు. చూపరులు తక్కువయైన వెబ్‌సైటునకు అసలు లెక్కయే ఉండదు. పల్లెటూరి కళాశాల వెబ్‌సైటులు చాల వరకు ఇట్టివే. ఇక ఉత్తీర్ణత నిర్ణయించు తీరు చూడుడు. వంద సందర్శనములను త్వరితమైనది మొదలు మందమైనది వరకు వరుసగా నిలిపి 75వ దానిని చూతురు. అది 2.5 సెకనులు దాటకున్నచో ఆకుపచ్చ. మిగిలిన 25 సందర్శనములలో ఒక్కొక్కటి 3 సెకనులైనను, 30 సెకనులైనను ఫలితము మారదు. ఆ 25 ఎవరివి? పాత ఫోను కలవారివి, సిగ్నలు అందీ అందని చోట ఉన్నవారివి. ఫలితముపైనున్న వివరముల మీట నొక్కినచో మూడు రంగుల పట్టీ కనబడును. నూటికి ఎందరికి ఎరుపు వచ్చినదో అందులో వ్రాసియుండును. వలయముకంటె ఆ పట్టీ మేలైనది. దానిని చూచువారు తక్కువ.

ఆ పట్టీలోనికి కూడ రానివారు కొందరు కలరు. వీరిని గూర్చి వెబ్ చరిత్రలో ఒక ఉదంతము ఉన్నది. క్రిస్ జకరయస్ అను ఇంజనీరు యూట్యూబులో పనిచేసిన నాటి సంగతిని 2012లో వ్రాసినారు. అప్పటికి యూట్యూబులో ఒక్క వీడియో పేజీ బరువు, వీడియో కాక, 1.2 మెగాబైట్లు. ఆయన దానిని పట్టుదలతో తగ్గించి 98 కిలోబైట్లకు తెచ్చినారు. పేజీ అడుగు వస్తువులు 14 మాత్రమే. ఆ పనికి ఫెదర్, అనగా ఈక, అని పేరు పెట్టినారు. కొద్దిమందికి దానిని విడుదల చేసి వారము పాటు లెక్కలు సేకరించినారు. చూడగా పేజీ తెరచుకొను సగటు కాలము పెరిగినది! బరువులో పన్నెండవ వంతు కూడ లేని పేజీకి ఎక్కువ కాలమెట్లు పట్టును?

లెక్కలను దేశములవారీగా విడదీసి చూచినప్పుడు సంగతి తేలినది. ఆగ్నేయ ఆసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, సైబీరియా మారుమూలలు, ఇట్టి చోట్లనుండి అంతకుముందు లేని జనము వచ్చియున్నారు. వారి నెట్‌వర్కులో ఈ తేలిక పేజీకే రెండు నిమిషములకు పైగా పట్టుచున్నది. అట్లయిన పాత పేజీకి 20 నిమిషములకు పైగా పట్టియుండవలెను. ఇరువది నిమిషములు ఎవరు కూర్చుందురు? అందుచేత పూర్వము వారు రానేలేదు; లెక్కలోను లేరు. రెండు నిమిషములైనచో ఓపిక పట్టవచ్చునని ఇప్పుడు వచ్చినారు, వచ్చి సగటును పెంచినారు. ఉన్నవారందరికిని పేజీ త్వరితమయ్యెను, కొత్తవారికి మొట్టమొదటిసారిగా అందెను, అంకె మాత్రము చెడిపోయెను.

నా దృష్టిలో ఈ పరికరములన్నిటిపై చేయదగిన అసలు విమర్శ ఇది. అవి వచ్చినవారిని కొలుచును. గుమ్మము వరకు వచ్చి, తెల్లని తెర చూచి, విసిగి మరలిపోయినవాని ఫోను నుండి ఎల్.సి.పి. అంకె రాదు, ఏలయన అతని తెరపై ఏమియు కనబడలేదు. వెబ్‌సైటు ఎంత బరువైనచో అంతమంది మందగాండ్రు లెక్కనుండి జారిపోదురు. లెక్క అంత అందముగా కనబడును. ఒక విద్యార్థివేతన దరఖాస్తు పేజీని తలచుకొనుడు. గడువు చివరి దినమున పేజీ తెరచుకొనక వెనుకకు పోయిన బాలిక ఏ వలయములోను ఎర్రచుక్కగా కూడ మిగులదు.

అయితే ఈ పరికరములను పారవేయవలెనా? అక్కరలేదు. వలయమును దాటి క్రిందికి చదువవలెను. నాకు వానిలో అన్నిటికంటె విలువైనది జలపాతపటము. వెబ్‌పేజ్‌టెస్టులోను, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులలోని నెట్‌వర్కు పలకలోను ఇది కనబడును. పేజీ అడిగిన ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క గీత. ఎప్పుడు అడిగినది, ఎప్పుడు వచ్చినది, ఎంత బరువు. మెట్లు మెట్లుగా క్రిందికి దిగుచుండును గనుక ఆ పేరు. ఇందులో మార్కు లేదు, అందుచేత మోసమునకు చోటు లేదు. రైలు ఏ స్టేషనులో ఎంతసేపు ఆగినదో చూపు పట్టిక వంటిది. వెబ్‌పేజ్‌టెస్టులో పేజీ ఎట్లు నిండినదో వరుస ఛాయాచిత్రములుగా కూడ చూడవచ్చును. ఏ ఊరినుండి పరీక్ష జరుపవలెనో ఎంచుకొనవచ్చును.

ఒక కళాశాల ముఖపత్రమును ఉదాహరణగా తీసికొందము. పైన వార్షికోత్సవపు ఛాయాచిత్రము, ఫోనుతో తీసినది తీసినట్లే ఎక్కించినది, 4 మెగాబైట్లు. అనగా 32 మెగాబిట్లు. సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్‌వర్కులో అది ఒక్కటే దిగుటకు 20 సెకనులు. జలపాతపటములో ఒక గీత తెర చివరివరకు పోయి కనబడును. చూపుటకు పండితుడు అక్కరలేదు. ఫోను తెర వెడల్పునకు సరిపడునట్లు చిన్నదిచేసి 150 కిలోబైట్లకు తెచ్చినచో ముప్పాతిక సెకను. ఇంతకంటె చవుకైన వైద్యము లేదు. పరికరములు ఇచ్చు సూచనల జాబితాలో చాల భాగము ఇట్టి సామాన్య విషయములే, మంచివే.

తెలుగు వెబ్‌సైటులకు ప్రత్యేకమైన సంగతులు కొన్ని కలవు. వీనిని ఇంగ్లీషులో వ్రాయు మార్గదర్శులు పట్టించుకొనరు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులో ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు. 'క్షే' అను ఒక్క అక్షరములో క, పొల్లు, ష, ఏత్వము అను నాలుగు గుర్తులున్నవి, 12 బైట్లు. ఇందువలన తెలుగు పేజీలు బరువగునని కొందరు బెంగపడుదురు. బెంగ అనవసరము. తెలుగు గుర్తులన్నిటికిని మొదటి బైటు ఒకటే. రెండవదానికి రెండే రూపములు. ఇట్టి పునరుక్తిని పిండివేయుటలో జి-జిప్, బ్రోట్లీ అను కుదింపు పద్ధతులు ఆరితేరినవి. సర్వరులో ఆ కుదింపు మీట తెరచియుంచిన చాలును. అది మూసియున్నదా యని మాత్రము తప్పక చూచుకొనవలెను.

అసలు బరువు లిపిలో ఉన్నది. గుణింతములకు, ఒత్తులకు, సంయుక్తాక్షరములకు వేర్వేరు రూపములు గీయవలసియుండుటచేత తెలుగు ఫాంటులో ఇంగ్లీషు ఫాంటులో కంటె ఎన్నో రెట్లు ఎక్కువ రూపములుండును. అందమునకని శీర్షికకు ఒకటి, పాఠమునకు ఒకటి, లావు అక్షరములకు మరొకటి పెట్టినచో మూడు పెద్ద మూటలు దిగవలెను. ఫాంటు వచ్చువరకు కొన్ని బ్రౌజరులు పాఠమును దాచియుంచును. మూలపాఠము చేతిలో ఉండియు చదువరి తెల్లని తెరను చూచుచుండును. పాఠమును దాచక ముందు ఫోనులోని ఫాంటుతో చూపి పిదప మార్చుమని చెప్పవచ్చును. అప్పుడు మరొక చిక్కు. తెలుగు ఫాంటులు ఒకదానికొకటి ఎత్తులో చాల భేదించును, క్రింద ఒత్తులకు విడుచు చోటు ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. ఫాంటు మారగానే పంక్తులన్నియు జరుగును, చోటు మార్పు కొలత 0.1 దాటును. ఆండ్రాయిడ్ ఫోనులలో నోటో తెలుగు ఫాంటు ముందే యున్నది. పాఠమునకు దానిని వాడుకొని, శీర్షికకు మాత్రము నచ్చిన ఫాంటును దింపుకొనుట మంచిదని నా సలహా. చిత్రకారులు దీనికి ఒప్పుకొనరు. ఫలితము చూచుకొనువాడు ఒప్పుకొనును.

కొలతబద్ద ఎవరిదను ప్రశ్నయు కలదు. బ్రౌజరు, వెదకుయంత్రము, ప్రకటనల వ్యాపారము, వేగమాపకము, నాలుగును ఒకే సంస్థవి. 2021 నుండి ఈ కొలతలు వెదకుయంత్రము ఇచ్చు వరుసలలో ఒక చిన్న పాత్ర వహించుచున్నవి. జలపాతపటమును చూచినచో బ్రౌజరు చేతులు కట్టివేయు స్క్రిప్టులలో ప్రకటనలకు, జనసంఖ్య లెక్కించుటకు పెట్టినవి తరచుగా కనబడును. వానిలో ఆ సంస్థ స్వంతవి కూడ ఉండును. లైట్‌హౌస్ వానిని దాచక పేర్లతో చూపుట దాని నిజాయితీ. అయినను ఒకే ఇంటిలో ఒకచేత బరువు పెట్టి ఒకచేత తూచుట చూచువానికి కొంత నవ్వు తెప్పించును. వెబ్‌పేజ్‌టెస్టు వేరు యాజమాన్యములోనిది. ఫైర్‌ఫాక్స్ పలక మరొకరిది. రెండిటితో కొలిచి పోల్చుకొనుట మేలు.

మరలిపోయినవారిని లెక్కించు ఉపాయము పూర్తిగా లేకపోలేదు, దానికి పైసా ఖర్చు లేదు. ప్రతి సర్వరును ఎవరు ఎప్పుడు ఏ వస్తువును అడిగినారో ఒక చిట్టాలో వ్రాసికొనుచుండును. పేజీ మూలపాఠమును అడిగినవారు ఒక దినములో ఎందరో అందులో చూడుడు. పేజీ నిండిన పిదప మాత్రమే అడుగబడు చిన్న వస్తువును ఒకదానిని, ప్రతిసారియు సర్వరు వరకు వచ్చునట్లు, పేజీలో ఉంచి దానిని అడిగినవారు ఎందరో చూడుడు. వెదకుయంత్రముల రాకపోకలను తీసివేయవలెను. మిగిలిన తేడాలో ఎక్కువమంది తెల్లని తెర చూచి పోయినవారు. ఈ తేడాను గంటలవారీగా గీచినచో సాయంత్రము ఊరంతయు ఫోనులు పట్టుకొను వేళ అది ఎంత లావగునో తెలియును. బొమ్మ బరువు తగ్గించిన మరునాడు మరల గీచి రెండు గీతలను ప్రక్కప్రక్కన పెట్టుకొనవచ్చును.